చూపు తగ్గిన అమ్మని వసంతంలో పూలతోటకి తీసుకెళ్లాలి, సలహా కావాలి

మల్లెపందిరి రాశారు:

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా అమ్మకి 71 ఏళ్లు. నీటికాసుల జబ్బు (గ్లాకోమా) వల్ల నాలుగైదేళ్లుగా చూపు తగ్గుతూ వస్తోంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపిస్తుంది, ఆ పక్కన నిలబడ్డవాళ్లు కనిపించరు. కంట్లో చుక్కలు వేస్తున్నాం. ఉన్న చూపు నిలబెట్టుకోవడమే తప్ప పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు గారు చెప్పేశారు.

అమ్మకి మొక్కలంటే ప్రాణం. ఏ మొక్క ఎప్పుడు చిగురు వేసిందో రోజూ చెప్పే మనిషి. ఈ వసంతంలో తనని పెద్ద పూలతోటకి తీసుకెళ్లాలని నా కోరిక. ట్యులిప్, డాఫొడిల్, హయసింత్ మళ్లు, ఒక పక్క చెర్రీ చెట్లు ఉన్న తోట అది. అడిగితే "నాకేం కనిపిస్తుందే, మీరు వెళ్లి రండి, వచ్చాక చెబుదురు గాని" అంటోంది. ఆ మాట వినలేకపోతున్నాను.

నిరుడు మేం అమ్మ లేకుండా వెళ్లాం. ఆలస్యం చేశాం, మళ్లనిండా ఆకులే మిగిలాయి. ఈసారి అలా కాకూడదు. ఏ వారం వెళ్లాలి, రోజులో ఏ వేళ వెళ్లాలి, అమ్మకి ఆ తోట బాగా అందాలంటే నేనేం చేయాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


తోటపని రాశారు:

అమ్మా మల్లెపందిరీ, నేను 26 ఏళ్లు ఒక పబ్లిక్ గార్డెన్‌లో దుంపల మళ్లు చూసుకున్నాను. మొదటి ప్రశ్నకి నేను చెప్తాను.

క్యాలెండర్‌లో తేదీ చూసి పూలకి వెళ్లొద్దు. ట్యులిప్ దుంపకి ముందు చలి కావాలి. సుమారు 12 నుంచి 16 వారాలు, 9 డిగ్రీల లోపు చలిలో అది మట్టిలో పడి ఉండాలి. అప్పుడే లోపల ఉన్న మొగ్గకి కాడ సాగే శక్తి వస్తుంది. చలి సరిపోకపోతే కాడ సాగదు, ఆకుల మధ్యే పొట్టిగా పూసి ఊరుకుంటుంది. ఆ తర్వాత మట్టి ఎంత వేగంగా వెచ్చబడితే పూత అంత ముందుకొస్తుంది. అందుకే ఒక ఏడు పూసిన తేదీకి ఇంకో ఏడు పూయదు.

వరస మాత్రం పెద్దగా మారదు. ముందు క్రోకస్, తర్వాత డాఫొడిల్, వాటి వెనకే హయసింత్, తొందరగా పూసే ట్యులిప్‌లు, నడిమి రకాలు, చివర ఆలస్యం రకాలు. మీరు పట్టుకోవాల్సింది నడిమి సంధి. హయసింత్ ఇంకా వాడకుండా ఉండాలి, నడిమి ట్యులిప్‌లు విచ్చుకోవడం మొదలవ్వాలి. ఆ సంధి సాధారణంగా ఒక వారం, పది రోజులు. గట్టిగా ఎండ కాస్తే ఐదు రోజులే.

ఫోన్ చేసి కనుక్కోండి. "పూశాయా?" అని అడిగితే ఎవరైనా "పూశాయి" అంటారు. "ఏ మళ్లలో ఏ రకాలు విచ్చుకున్నాయి, ఏవి ఇంకా మొగ్గ మీద ఉన్నాయి, హయసింత్ ఎలా ఉంది" అని అడగండి. వీలైతే మళ్ల దగ్గర పనిచేసేవాళ్లతోనే మాట్లాడించమనండి. వాళ్లు చెప్పడానికి ఇష్టపడతారు, నా అనుభవం అది.

నెదర్లాండ్స్‌లోని కొయ్‌కెన్‌హోఫ్ తోట ఏడాదికి ఎనిమిది వారాలే తెరుస్తారు. సుమారు 70 లక్షల దుంపలు నాటతారు, 32 హెక్టార్లలో. ఒకే మడిలో అంచెలంచెలుగా పెడతారు. ఆలస్యం ట్యులిప్ బాగా లోతున, దాని మీద తొందర ట్యులిప్, అన్నిటికన్నా పైన క్రోకస్. పైది వాడేసరికి కిందిది లేస్తుంది. మీరు వెళ్లే తోటలో కూడా ఇలా అంచెల నాటు ఉందేమో అడగండి. ఉంటే తేదీ గురించి మీ టెన్షన్ సగం తగ్గినట్టే.


నడకమిత్ర రాశారు:

తోటపని గారు చెప్పినదానికి ఒక చేర్పు, ఒక అభ్యంతరం.

చేర్పు: వాషింగ్టన్‌లో చెర్రీ చెట్లకి "నిండు పూత" అంటే లెక్క ఉంది. యొషీనో రకం పూలలో 70 శాతం విచ్చుకున్న రోజుని అలా అంటారు. 1990లో ఆ రోజు మార్చి 15న వచ్చింది, 1958లో ఏప్రిల్ 18న. అవే చెట్లు, అదే చోటు, తేడా నెల పైన! కాబట్టి నెలల ముందే సెలవు పెట్టేసి టికెట్లు కొనేయకండి.

అభ్యంతరం: అమ్మగారితో వెళ్లేటప్పుడు అసలు ఆ నిండు పూత రోజు ఎందుకు? ఆ రోజే జనం అంతా వస్తారు. దారి మధ్యలో ఆగి ఫొటోలు తీసుకునేవాళ్లు, పరిగెత్తే పిల్లలు, పిల్లల తోపుడు బళ్లు. పక్కలు కనిపించని మనిషికి అది నరకం. నాలుగు రోజులు ముందే వెళ్లండి. సగం మొగ్గలున్నా పర్వాలేదు. శని ఆదివారాలు వద్దు. తోట తలుపు తెరిచే వేళకి గుమ్మం దగ్గర ఉండండి.

మా నాన్నగారికి మోకాళ్లు పట్టేసిన కాలంలో నిండు పూతకే తీసుకెళ్లాలని పట్టుబట్టాను. ఆయన ఆ జనంలో ఒక్క బెంచీ దొరక్క గంటసేపు చెట్టుకి ఆనుకుని నిలబడ్డారు. పూల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధ.


చూపు_సంగతులు రాశారు:

నేను కళ్లద్దాల పరీక్ష, చూపు తక్కువ ఉన్నవాళ్లకి సాయపడే పనిలో ఉన్నాను. అమ్మగారిని చూడకుండా వైద్యం చెప్పను, కానీ నీటికాసుల్లో సాధారణంగా జరిగేది చెప్తాను, మీ ఏర్పాట్లకి పనికొస్తుంది.

నీటికాసుల్లో పక్కచూపు ముందు పోతుంది. మిగిలిన చూపు గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. మనవాళ్లు ఏం చేస్తారంటే ప్రేమకొద్దీ పెద్దవాళ్లని పువ్వుకి దగ్గరగా లాక్కెళ్తారు. ఒక్క పువ్వు వివరంగా చూడ్డానికి అది మంచిదే. మడి మొత్తం చూపించాలంటే మాత్రం వెనక్కి జరగాలి. గొట్టంలోంచి చూసేవాడు దూరంగా నిలబడితేనే కదా ఎక్కువ పడుతుంది! పొడుగాటి మడి చివర నిలబెట్టి, మడి వెంబడే చూడమనండి. అడ్డంగా నిలబడితే ముక్కే కనిపిస్తుంది.

రెండోది, నేల. కింది చూపు కూడా తగ్గి ఉంటే మెట్టు అంచు, దారి పక్కన కట్టిన అంచురాయి, నీళ్ల గొట్టం కనిపించవు. తోటల్లో ఇవే కాళ్లకి అడ్డం పడతాయి. మెట్టు రాకముందే "రెండు మెట్లు, కిందికి" అని అంకెతో, దిక్కుతో చెప్పండి. "చూసుకో, చూసుకో" అంటే ఆవిడకి ఏమీ తెలియదు, భయం మాత్రం పెరుగుతుంది.

మూడోది, వెలుగు. నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి వచ్చినప్పుడు కళ్లు సర్దుకోడానికి వీళ్లకి ఎక్కువసేపు పడుతుంది. చెట్ల కింది నుంచి బయటికి రాగానే ఒక నిమిషం ఆగండి. అంచున్న టోపీ పెట్టండి. నా ఓటు మబ్బు పట్టిన రోజుకి. ఎండ చురుక్కుమనదు, రంగులు తేలిపోవు.

నాలుగోది, రంగుల పొత్తు. ముదురు ఆకుల మీద పసుపు, తెలుపు బాగా విడిగా కనిపిస్తాయి. ముదురు ఊదా ట్యులిప్‌లు తడి మట్టి మీద ఆమెకి ఉన్నాయో లేవో తెలియకపోవచ్చు. అవి ఎంత అందమైనవైనా వాటి దగ్గర ఎక్కువసేపు నిలబెట్టకండి.


మల్లెపందిరి రాశారు:

చూపు_సంగతులు గారూ, మీరు రాసింది చదివి ఐదు నిమిషాలు ఏమీ రాయలేకపోయాను. నాలుగేళ్లుగా ప్రతిదీ అమ్మ ముఖం దగ్గరికి తెచ్చి చూపిస్తున్నాను. వెనక్కి జరగాలన్న ఆలోచనే రాలేదు. "చూసుకో, చూసుకో" అనేదీ నేనే.

నిన్న సాయంత్రం ప్రయత్నించాను. వరండాలో కుండీల వరస చివర నిలబెట్టాను. "ఏడు కుండీలూ ఒకేసారి కనిపిస్తున్నాయే" అంది.


తోటపని రాశారు:

మబ్బు రోజు విషయంలో నాకు వేరే మాట ఉంది. ట్యులిప్ వెచ్చదనానికి విచ్చుకుంటుంది. వేడి తగిలితే రేకు లోపలి వైపు కణాలు వేగంగా సాగుతాయి, పువ్వు తెరుచుకుంటుంది. చల్లబడితే బయటి వైపు సాగి మూసుకుంటుంది. ఇలా రోజూ తెరుచుకుంటూ మూసుకుంటూ పువ్వు కాస్త కాస్త పెద్దదవుతుంది కూడా. చల్లటి మబ్బు రోజున, పొద్దున్నే వెళ్తే మళ్లనిండా మూసిన మొగ్గల్లాంటివే కనిపిస్తాయి. ఎంతోమంది తోటకి వచ్చి "ఇంకా పూయలేదు" అనుకుని వెళ్లిపోవడం చూశాను. అవి పూసినవే, నిద్రలేవలేదంతే.

కాబట్టి తలుపు తెరవగానే వెళ్లినా ముందు డాఫొడిల్, హయసింత్ వైపు వెళ్లండి. అవి మూసుకోవు. పదకొండు దాటాక, వెచ్చబడ్డాక ట్యులిప్ మళ్లకి రండి.


చూపు_సంగతులు రాశారు:

ఇది నాకు తెలియదు, సంతోషం. అయితే మూసిన ట్యులిప్ మా పేషెంట్లకి నష్టమేమీ కాదు. గుడ్డు ఆకారం, అంచు స్పష్టంగా ఉంటుంది, రంగు ఒకే ముద్దగా ఉంటుంది. బాగా విచ్చుకుని రేకులు పక్కలకి వాలిన పువ్వు కన్నా అదే గుర్తుపట్టడం సులువు. రెండు రకాలూ చూపించండి. ఎండ ఎక్కితే టోపీ ఉంది కదా.


పరిమళం రాశారు:

అందరూ కళ్ల గురించే మాట్లాడుతున్నారు! నా రంగం వాసనలు, ముప్పై ఏళ్లుగా ఇదే పని. దయచేసి వినండి.

ట్యులిప్‌లో చాలా రకాలకి వాసన దాదాపు ఉండదు. అమ్మగారిని ట్యులిప్ మళ్ల దగ్గర వంగోబెట్టి "వాసన చూడమ్మా" అంటే ఏమీ రాక "ముక్కు కూడా పోయింది" అనుకునే ప్రమాదం ఉంది. అలా జరగనివ్వకండి. ముందే చెప్పండి, ఈ పువ్వుకి వాసన తక్కువని.

వాసన కోసం హయసింత్ దగ్గరికి వెళ్లండి. ఒక మడి హయసింత్ ఉంటే మడి కనిపించకముందే వాసన వస్తుంది. డాఫొడిల్ కుటుంబంలో జాంక్విల్, టజెట్టా రకాలు గాఢంగా ఉంటాయి, పెద్ద పసుపు బూర డాఫొడిల్‌కి అంత ఉండదు. స్టాక్ పువ్వుకి, కార్నేషన్‌కి లవంగం లాంటి ఘాటు. రెండింట్లోనూ యూజినాల్ ఉంటుంది, లవంగంలో ఉండేది అదే. నేల మీద పరుచుకునే తెల్లటి అలిసమ్‌ది తేనె వాసన. స్వీట్ పీ ఉంటే అసలు వదలొద్దు. చెట్ల వైపు లైలాక్, విస్టీరియా ఉన్నాయేమో చూడండి. అవి ముఖం ఎత్తులో ఉంటాయి, వంగక్కర్లేదు. పెద్దవాళ్లకి అది ఎంత హాయో!

గాలి వీచే రోజు వాసన నిలవదు. వెచ్చగా, గాలి ఆగి ఉన్న వేళ మేలు. గోడలు, పొదలు చుట్టూ ఉన్న మూలల్లో వాసన గుమిగూడుతుంది. మడికి గాలి ఏ వైపుకి పోతోందో చూసి ఆ వైపు నిలబెట్టండి.

ఇంకొకటి చాలా ముఖ్యం. ముక్కు తొందరగా అలసిపోతుంది. ఒకే వాసనలో కొద్ది నిమిషాలుంటే అది తెలియడం మానేస్తుంది. పువ్వు మారలేదు, మన ముక్కే అలవాటు పడిపోయింది. పక్కకి వచ్చి, ఖాళీ గాలి పీల్చి, కాస్త ఆగి మళ్లీ వెళ్తే మొదటిసారి వచ్చినట్టే వస్తుంది. హయసింత్ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లండి, పొద్దున ఒకసారి, బయటికి వచ్చే ముందు ఒకసారి.


వానచినుకు రాశారు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయికి వసంతంలో తుమ్ములు, కళ్ల దురద. పూలతోటకి తీసుకెళ్లడం మానేశాం. ఈ చర్చ చదివాక వెళ్లాలనిపిస్తోంది. పూల పుప్పొడి వల్లే కదా అలర్జీ?


తోటపని రాశారు:

వానచినుకు గారూ, మళ్లలో ఉండే రంగురంగుల పూలది బరువైన, జిగటైన పుప్పొడి. తేనెటీగల కాళ్లకి అంటుకుని పోవడానికి ఉన్నది, గాల్లో ఎక్కువ దూరం ఎగరదు. తుమ్ములు తెప్పించేది ఎక్కువగా గాలికి పుప్పొడి వదిలే చెట్లు, గడ్డి. వాటికి పువ్వుందన్న సంగతే మనకి కనపడదు. కాబట్టి మడి దగ్గర కన్నా చుట్టూ ఉన్న చెట్ల దగ్గరే మీ పాపకి ఇబ్బంది రావచ్చు. వాన పడి వెలిసిన రోజు గాలి శుభ్రంగా ఉంటుంది. ఉబ్బసం కూడా ఉంటే మాత్రం డాక్టరుని అడిగే వెళ్లండి, గాఢమైన వాసనలే కొందరికి పడవు.


చేతివేళ్లు రాశారు:

నాకు పందొమ్మిదో ఏట పూర్తిగా చూపు పోయింది. ఇప్పుడు 44. ఈ చర్చ ఫోన్ చదివి వినిపిస్తే రెండుసార్లు విన్నాను. మల్లెపందిరి గారూ, అమ్మగారి తరఫున కొన్ని మాటలు చెప్పొచ్చా?

ఆవిడ "నాకేం కనిపిస్తుంది" అన్నది పూల గురించి కాకపోవచ్చు. నేనూ అన్నాను చాలా ఏళ్లు. నా వల్ల అందరూ ఆగాలి, నన్ను పట్టుకుని నడవాలి, వాళ్ల సరదా పాడవుతుంది అన్న భయం అది. "నీ కోసం వెళ్తున్నాం" అంటే ఆ భయం ఇంకా పెరుగుతుంది. మా అక్క ఒకరోజు "నాకు ఏ మొక్క ఏదో తెలియదు, నువ్వొస్తే చెప్తావు" అని తీసుకెళ్లింది. మీ అమ్మగారికి మొక్కలు తెలుసు. మీకు తెలియనివి ఆవిడనే అడగండి. ఊరికే అడగొద్దు, నిజంగా తెలియనివే అడగండి.

నడిచేటప్పుడు ఆవిడ చెయ్యి మీరు పట్టుకుని ముందుకి లాగకండి. మీ మోచేయి ఆవిడకి ఇవ్వండి. ఆవిడ పట్టుకుంటుంది, మీరు అరడుగు ముందు నడవండి. మీ ఒంటి కదలికతోనే మెట్టు, మలుపు, ఎత్తు ఆవిడకి తెలుస్తాయి.

తోటలో చాలామంది నాకు ఆగకుండా వర్ణించేస్తారు. ఎడమవైపు ఎరుపు, కుడివైపు పసుపు, అటు ఫౌంటెన్... ఆ మాటల్లో తేనెటీగ చప్పుడు కూడా వినబడదు. కాసేపు ఊరుకోండి. పూలతోటకి చప్పుడుంది. ఈగలు ముసిరే మడి, ముసరని మడి చెవికి వేరుగా తెలుస్తాయి.

ఇక తాకడం. స్నాప్‌డ్రాగన్ పువ్వుని పక్కల నుంచి మెల్లగా నొక్కితే నోరు తెరుస్తుంది, వదిలితే మూసుకుంటుంది. బరువైన తేనెటీగ దిగితే తెరుచుకునే తలుపు అది. స్టాకిస్ అని ఒక మొక్క ఉంటుంది, ఇంగ్లీషులో గొర్రెపిల్ల చెవి అంటారు. ఆకు నిజంగా అలాగే ఉంటుంది. పాపీ రేకు పల్చటి కాగితం నలిపి విప్పినట్టు. సువాసన జెరేనియం ఆకు వేళ్లతో రాస్తేనే వాసన వదులుతుంది, పువ్వుతో పనే లేదు.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్‌లో 1955 నుంచి ఒక సువాసనల తోట ఉంది. చూపులేనివాళ్ల కోసం ఆలిస్ ఐరీస్ అనే ఆవిడ రూపకల్పన చేశారు. మళ్లు నడుం ఎత్తుకి లేపి కట్టారు, చక్రాల కుర్చీలో కూర్చున్నా అందుతాయి. పేర్లు బ్రెయిలీలో ఉంటాయి. ఆకులు తాకండి, వేళ్లతో రుద్దండి అని వాళ్లే చెప్తారు. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యాన్‌లో కూడా స్పర్శ ఉద్యానం ఉంది. మీరు వెళ్లే తోటలో ఇలాంటి మూల ఏదైనా ఉందేమో ఫోన్‌లోనే అడగండి. బోర్డు మీద రాయకపోయినా ఉండొచ్చు.

మీరు ఆవిడ చెయ్యి పట్టుకుని పువ్వు మీద పెట్టొద్దు, అదొక్కటి గుర్తుంచుకోండి. మీ చెయ్యి పువ్వు మీద ఉంచి, ఆవిడ తన చేతిని మీ చేతి మీదుగా జార్చుకుని పువ్వుని తానే కనుక్కోనివ్వండి.


చక్రాలబండి రాశారు:

చేతివేళ్లు గారూ, చివరి మాటకి దండం.

నావి చిన్న సంగతులు. గులకరాళ్ల దారి ఉందా, సిమెంటు దారి ఉందా ముందే అడగండి. గులకరాళ్ల మీద పెద్దవాళ్ల అడుగు నిలవదు, చక్రాలు అసలు కదలవు. బెంచీ నుంచి బెంచీకి ఎంత దూరమో కనుక్కోండి. మడిచే చిన్న స్టూలు వెంట తీసుకెళ్లండి. ట్యులిప్ మోకాలి ఎత్తే ఉంటుంది, నిలబడి తాకాలంటే నడుం పోతుంది. స్టూలు మీద కూర్చుంటే పువ్వు సరిగ్గా చేతికి వస్తుంది. శ్రీనగర్ ట్యులిప్ తోట లాంటివి కొండ వాలు మీద అంతస్తులుగా ఉంటాయి. అలాంటి చోట పైదాకా ఎక్కాలని పెట్టుకోకండి, కింది అంతస్తు నుంచి పైకి చూస్తే మొత్తం కనిపిస్తుంది.


తోటపని రాశారు:

తాకడం గురించి నేను చెప్పకపోతే తప్పవుతుంది. చేతివేళ్లు గారి మాటల్లో న్యాయం ఉంది, కానీ నేను మళ్ల పక్కన నిలబడి చూసినవాణ్ని. ఒక మనిషి తాకితే పువ్వుకేం కాదు. రోజుకి వెయ్యిమంది తాకితే సాయంత్రానికి ఆ అంచు పూలన్నీ నల్లబడతాయి. తాకొద్దనే బోర్డు దానికే పెడతారు. ఆ బోర్డున్న చోట అడగకుండా ముట్టుకోవద్దు.

అడగండి మాత్రం. రోజూ పొద్దున్నే వాడిన పూల తలలు తుంచేస్తాం, లేకపోతే ట్యులిప్ విత్తనం కట్టడానికి బలమంతా పెట్టేసి దుంప సన్నబడుతుంది. తుంచినవి బుట్టల్లో ఉంటాయి. వాటిలో సగం రేకులు ఇంకా గట్టిగానే ఉంటాయి. చూపు తక్కువైన మనిషి వచ్చారని చెప్తే నేనైతే బుట్ట తెచ్చి ఒళ్లో పెట్టేవాణ్ని. చాలామంది తోటమాలీలు అలాగే చేస్తారు.

జాగ్రత్తలు: డాఫొడిల్ కాడ తుంచితే కారే జిగురు కొందరి చర్మానికి దద్దుర్లు తెస్తుంది. మా చేతులకి ప్రతి ఏడూ వచ్చేవి. ఫాక్స్‌గ్లోవ్, గన్నేరు విషపు మొక్కలు, తాకిన చెయ్యి నోట్లో, కంట్లో పెట్టుకోకూడదు. అమ్మగారు కంట్లో చుక్కలు వేసుకుంటారు కాబట్టి అంతకుముందు చేతులు సబ్బుతో కడగాలి.

మడిలో అడుగు మాత్రం పెట్టకండి, ఎంత దగ్గరగా చూపించాలనిపించినా సరే. పైకి ఖాళీగా కనిపించే చోట ఆలస్యం రకం మొలక మట్టి కిందే ఉంటుంది. ఒక్క అడుగుకి విరిగిపోతుంది. మట్టి అణిగిపోతే వేరుకి గాలి అందదు. ఫొటో కోసం మడిలో దిగినవాళ్ల అడుగుల్లో తర్వాత ఏమీ లేవలేదు. ఆ గుంటలు చూసి నేను ఇంటికెళ్లి అన్నం తినని రోజులున్నాయి.


నడకమిత్ర రాశారు:

మల్లెపందిరి గారూ, వెళ్లొచ్చాక తప్పకుండా రాయండి. ఎదురుచూస్తుంటాం.


మల్లెపందిరి రాశారు (24 రోజుల తర్వాత):

వెళ్లొచ్చాం. మొన్న బుధవారం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, రాయాలంటే మనసు కుదుటపడాలి కదా.

మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటి రెండుసార్లు "బాగా పూశాయి మేడమ్, రండి" అన్నారు. మూడోసారి తోటపని గారు చెప్పినట్టు మళ్ల దగ్గర పనిచేసే ఆయనతో మాట్లాడించమన్నాను. ఆయన "హయసింత్ ఇంకో నాలుగు రోజులుంటుందమ్మా, ట్యులిప్ నడిమివి ఇప్పుడే రంగు చూపిస్తున్నాయి, బుధవారం రండి" అన్నారు. అంత ఖచ్చితంగా చెప్పారు!

అన్నీ బాగా జరగలేదు, అదీ చెప్తాను. గుమ్మం దగ్గరే పదకొండు మెట్లు. పక్కన ఏటవాలు దారి ఉందని లోపలికి వెళ్లాక గానీ తెలియలేదు. నాలుగో మెట్టు మీద అమ్మ ఆగిపోయి "వెనక్కి వెళ్లిపోదాం" అంది. మోచేయి ఇచ్చి, అంకెలు చెప్తూ ఎక్కించాను. పైకి వచ్చాక పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. చెర్రీ చెట్ల వైపు అసలు వెళ్లలేకపోయాం, ఆ దారంతా గులకరాళ్లు.

రాత్రి వాన పడి చల్లగా ఉంది. ట్యులిప్‌లన్నీ మూసుకునే ఉన్నాయి. మీరు ముందే చెప్పకపోయుంటే నేను అక్కడే ఏడ్చేసేదాన్ని.

ముందు హయసింత్ వైపు నడిచాం. దారి మలుపు తిరగలేదు, మడి నాక్కూడా కనిపించలేదు. అమ్మ ఠక్కున ఆగింది. తల అటు తిప్పి "అటు" అంది. నా మోచేయి వదిలేసింది, రెండడుగులు తనే వేసింది. నాలుగేళ్లలో బయట ఎక్కడా అమ్మ నా చెయ్యి వదిలి అడుగు వేయలేదు. నేను ఊపిరి బిగబట్టి వెనకే నిలబడ్డాను.

స్టూలు వేసి అరగంట కూర్చోబెట్టాను. చేతివేళ్లు గారూ, మీ మాట ప్రకారం నేను నోరు మెదపలేదు. చాలా కష్టమైంది. కాసేపటికి అమ్మే మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ మూల పొదలో తేనెటీగలు ఎక్కువున్నాయని, అక్కడేదో తెరిచిన పువ్వుందని, ఇక్కడ మట్టి కొత్తగా తవ్వారని. తవ్వింది నిజమే, నేను గమనించలేదు.

పదకొండున్నరకి కొంచెం ఎండ వచ్చింది. పసుపు ట్యులిప్‌ల మడి చాలా పొడుగు. దాని చివర నిలబెట్టి, టోపీ సర్ది, మడి వెంబడే చూడమన్నాను. అమ్మ చాలాసేపు చూసింది. "ఇంత పొడుగా!" అంది. ఆ ఒక్క మాటే. తర్వాత తనే ఇంకో నాలుగడుగులు వెనక్కి జరిగి మళ్లీ చూసింది.

బుట్టతో వెళ్తున్న ఒక తోటమాలిని అడిగాను. తోటపని గారూ, ఆయన అచ్చం మీరు చెప్పినట్టే బుట్ట తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టారు. అమ్మ ఒక పువ్వు తీసుకుని రేకులు ఒక్కొక్కటే విప్పి లెక్కపెట్టింది. ఆరు. మూడు లోపల, మూడు బయట. "బయటి మూడూ కాస్త మందం, తెలుస్తోందా?" అని నా వేళ్లకి అందించింది. ఆ తోటమాలి, అమ్మ ఇరవై నిమిషాలు దుంపల గురించి మాట్లాడుకున్నారు. నాకు సగం అర్థం కాలేదు, అడిగాను, అమ్మ చెప్పింది.

బయటికి వచ్చే ముందు పరిమళం గారు చెప్పినట్టు మళ్లీ హయసింత్ దగ్గరికి వెళ్లాం. మొదటిసారి వచ్చినట్టే వచ్చింది వాసన.

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.


చూపు_సంగతులు రాశారు:

తనే వెనక్కి జరిగారా! మా దగ్గరికి వచ్చేవాళ్లకి ఆ ఒక్కటి నేర్పడానికి నాకు వారాలు పడుతుంది. చాలా సంతోషంగా ఉంది.


తోటపని రాశారు:

ఆ తోటమాలికి నా నమస్కారం అందించండి, మళ్లీ వెళ్లినప్పుడు. ఏటవాలు దారికి గుర్తు బోర్డు గుమ్మం దగ్గరే పెట్టమని తోటవాళ్లకి ఒక ఉత్తరం రాయండి. మర్యాదగా రాస్తే పెడతారు, ఇలాంటి ఉత్తరాలు మేం నిజంగా చదివేవాళ్లం.


మల్లెపందిరి రాశారు:

ఉత్తరం నిన్ననే రాశాను. అమ్మ సంతకం కూడా పెట్టింది.


చేతివేళ్లు రాశారు:

ఒక్క ప్రశ్న. ఆ హయసింత్ ఏ రంగు? నాకు రంగులు ఇంకా గుర్తున్నాయి, ఊహించుకోవాలని ఉంది.


మల్లెపందిరి రాశారు:

నాకు ఊదా అనిపించింది. మీ ప్రశ్న అమ్మకి చదివి వినిపించాను. "ఊదా ఏమిటి, నీలం" అంది. నేను కాదన్నాను, అమ్మ వినలేదు. ఇప్పుడే ఫొటో పెద్దది చేసి మడి దగ్గరి పేరు పలక చదివాను. రకం పేరు డెల్ఫ్ట్ బ్లూ. నీలమేనండీ.